పిలకాయల సెల్లుకు ఫిల్టర్: చట్టం ఏమంటుంది, ఇంట్లో ఏం చేయాలి – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తల్లిదండ్రులు, టీచర్లు, సెల్ షాపుల వాళ్లు ఈ విషయంలో ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. ఫిల్టర్ అంటే ఇక్కడ అశ్లీల సైట్లు తెరుచుకోకుండా ఆపే ఏర్పాటు. ముందు చట్టం సంగతి, తర్వాత ఫోన్ సంగతి. చట్టంతో పనిలేని వాళ్లు నేరుగా ప్రైవేట్ డిఎన్‌ఎస్ ప్రశ్న దగ్గరికి వెళ్లిపోవచ్చు.

కొత్త ఫోన్‌లో పిల్లల ఫిల్టర్ తప్పనిసరిగా ఉండాలని మన దేశంలో చట్టం ఉందా?

లేదు. ఫోన్ తయారు చేసే కంపెనీ గానీ, అమ్మే షాపు గానీ, సిమ్ ఇచ్చే కంపెనీ గానీ ఫిల్టర్ వేసి ఇవ్వాలని ఇక్కడ ఏ చట్టమూ అడగదు. మన చట్టాలు వేరే పనులు చేస్తాయి. తప్పుడు బొమ్మలు పెట్టినవాళ్లను, పంపినవాళ్లను శిక్షిస్తాయి. కొన్ని సైట్లను మూయిస్తాయి. పిల్లల వివరాలు వాడుకునే కంపెనీలకు పగ్గం వేస్తాయి.

శిక్షల సంగతి ఐటీ చట్టం 2000లో ఉంది. 67వ సెక్షన్ అశ్లీల సమాచారం గురించి, 67ఎ లైంగిక దృశ్యాల గురించి, 67బి పిల్లలతో తీసిన వాటి గురించి. 67బి కింద మొదటిసారి అయితే ఐదేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. మళ్లీ చేస్తే ఏడేళ్ల దాకా. సైట్లను మూయించే అధికారం 69ఎ ఇస్తుంది. 2021 ఐటీ నిబంధనలు ఓటీటీల జోలికి వచ్చాయి: సినిమాలకు, సిరీస్‌లకు యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అని ముద్ర వేయాలి, యు/ఎ 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రుల తాళం సదుపాయం ఇవ్వాలి. ఆ తాళం ఆ ఒక్క యాప్ లోపలే పనిచేస్తుంది. బయట బ్రౌజరుకు దానితో సంబంధం లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే కంపెనీ తల్లి లేదా తండ్రి అనుమతిని రుజువుతో సహా తీసుకోవాలి. వాళ్లు ఏం చూస్తున్నారో వెంటాడి దాన్నిబట్టి ప్రకటనలు చూపకూడదు. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. దీని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన భాగాల అమలుకు కంపెనీలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఇది కూడా ఫిల్టర్ చట్టం కాదు, డేటా చట్టం.

మన రాష్ట్రంలో 16 ఏళ్ల లోపు వాళ్లకు సోషల్ మీడియా ఆపేస్తారంటున్నారు, అదేనా ఇది?

అది వేరు, ఇది వేరు. 2026 జనవరిలో దావోస్‌లో మంత్రి నారా లోకేశ్ ఆస్ట్రేలియా తరహా చట్టాన్ని పరిశీలిస్తున్నామని చెప్పారు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి అమలైన ఆ చట్టం 16 ఏళ్ల లోపు వాళ్లకు ఖాతా ఇవ్వొద్దని ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ లాంటి కంపెనీలకు చెబుతుంది. మాట వినని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా పడుతుంది. పిల్లలకు, తల్లిదండ్రులకు శిక్ష లేదు. ఖాతా లేకపోయినా బ్రౌజరులో చెత్త సైటు తెరుచుకుంటూనే ఉంటుంది. కాబట్టి రేపు అలాంటి చట్టం ఇక్కడ వచ్చినా ఈ పేజీలో కింద చెప్పిన పనులు చేసుకోవాల్సిందే.

మరి ఫోన్‌లోనే ఫిల్టర్ ఉండాలన్న చట్టాలు ఎక్కడున్నాయి?

కొన్ని దేశాల్లో ఉన్నాయి. ఒక్కో దేశం ఆ బరువును ఒక్కొక్కరి నెత్తిన పెట్టింది. దాన్నిబట్టే ఆ చట్టానికి ఎక్కడ చిల్లు పడుతుందో తెలుస్తుంది.

జపాన్ సిమ్ కంపెనీల మీద పెట్టింది. 2008లో చట్టం చేసి 2009 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. వాడేది 18 లోపు వాళ్లయితే కంపెనీ ఫిల్టర్ ఇవ్వాలి, వద్దని తల్లిదండ్రులు చెబితేనే తీయాలి. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక అది చాలలేదు. దాంతో చట్టాన్ని సవరించి, 2018 ఫిబ్రవరి నుంచి వాడేవాళ్ల వయసు షాపులోనే అడిగి, ఫిల్టర్ సెట్ చేసి మరీ ఫోన్ చేతికివ్వాలన్నారు.

దక్షిణ కొరియా కూడా 2015 ఏప్రిల్‌లో ఇదే దారి పట్టింది, ఇంకాస్త గట్టిగా. 19 లోపు వాళ్ల ఫోన్‌లో అడ్డుకునే యాప్ ఉండి తీరాలన్నారు. ఆ కథ ఎలా నడిచిందో కింద నిఘా యాప్‌ల ప్రశ్నలో చూడండి.

ఫ్రాన్స్ తయారీదారుల మీద పెట్టింది. 2022 మార్చిలో చేసిన చట్టం 2024 జులై నుంచి అమల్లో ఉంది. నెట్ వచ్చే ఏ పరికరమైనా మొదటిసారి ఆన్ చేసినప్పుడే తల్లిదండ్రుల నియంత్రణ కావాలా అని అడగాలి, దానికి డబ్బు తీసుకోకూడదు.

అమెరికాలో యూటా రాష్ట్రం 2021లో ఫోన్లలో ఫిల్టర్ ముందే ఆన్ చేసి ఉండాలని చట్టం చేసింది. అయితే మరో ఐదు రాష్ట్రాలు ఇలాంటిదే చేస్తేనే అమలు అని అందులోనే మెలిక పెట్టారు. ఒక్క రాష్ట్రం కోసం కంపెనీలు వేరే ఫోన్ చేయవని వాళ్లకూ తెలుసు. అదే రాష్ట్రం 2025లో యాప్ స్టోర్ల మీద పడింది: డౌన్‌లోడ్ చేసేవాళ్ల వయసు స్టోరే తేల్చాలి, చిన్నవాళ్లయితే తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకోవాలి అంది.

అక్కడి సుప్రీంకోర్టు దారి కూడా గమనించదగ్గదే. 2004లో ఒక కేసులో, సైట్ల మీద ఆంక్షల కంటే ఇంట్లో ఫిల్టర్ పెట్టుకోవడమే మాట స్వేచ్ఛకు తక్కువ అడ్డం అంది. 2025 జూన్‌లో టెక్సస్ కేసులో మాత్రం అశ్లీల సైట్లు వయసు తనిఖీ చేయాలన్న చట్టాన్ని 6–3 తేడాతో నిలబెట్టింది.

అలాంటి చట్టం మన దగ్గర వస్తే పని చేస్తుందా?

కొత్త ఫోన్ పెట్టె తెరిచేది ఎవరో చూస్తే జవాబు దొరుకుతుంది. నెల్లూరు ట్రంక్ రోడ్డులోనో ఒంగోలు ట్రంక్ రోడ్డులోనో సెల్ షాపు కౌంటర్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. సీల్ కోసేది షాపు కుర్రాడు. భాష, వైఫై, స్క్రీన్ గార్డు అన్నీ అతనే చూస్తాడు. జీమెయిల్ అడిగినచోట పిల్లాడి నాన్న పేరు కొడతాడు, పుట్టిన తేదీ దగ్గర నోటికొచ్చింది, ఎక్కువగా జనవరి 1, ఏదో ఒక సంవత్సరం. రెండు నిమిషాల్లో ఫోన్ తొమ్మిదో తరగతి పిల్లాడి చేతిలో ఉంటుంది. ఫోన్ లెక్కలో మాత్రం వాడికి ముప్పై అయిదేళ్లు.

సిమ్ సంగతీ అంతే. 18 లోపు వాళ్ల పేరున సిమ్ ఇవ్వకూడదని టెలికాం శాఖ నిబంధన. కాబట్టి ప్రతి పిల్లాడి సిమ్మూ పెద్దవాళ్ల ఆధార్ మీదే ఉంటుంది. జపాన్ పద్ధతి ఇక్కడ పెడితే సిమ్ కంపెనీకి కనిపించేది తాత పేరే.

అందుకే చట్టం కోసం ఎదురుచూడకుండా చేయాల్సిన మొదటి పని ఒకటుంది. పిల్లల ఫోన్‌లో పిల్లల అసలు పుట్టిన తేదీతో ఖాతా తెరవండి. ఖర్చు లేదు. గూగుల్, ఇన్‌స్టాగ్రామ్ పిల్లలకోసం పెట్టిన రక్షణలు అన్నీ ఆ ఒక్క తేదీ మీదే తిరుగుతాయి.

ప్రభుత్వం ఆ సైట్లు మూసేసిందన్నారు కదా, మరి ఎలా తెరుచుకుంటున్నాయి?

2018 సెప్టెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశించాక టెలికాం శాఖ 827 సైట్లను ఆపమని నెట్ కంపెనీలకు చెప్పింది. అంతకుముందు 2015లో 857 సైట్ల జాబితా ఒకటి వచ్చి, గొడవ లేచి, కొద్ది రోజుల్లోనే చాలా మటుకు వెనక్కి పోయింది. జాబితాలో ఉన్నది సైటు పేరు మాత్రమే. ఆ సైటువాళ్లు పేరు చివర ఒక అక్షరమో అంకో మార్చి మళ్లీ తెరుస్తారు. పైగా ఒక కంపెనీ సిమ్‌లో ఆగింది ఇంకో కంపెనీ సిమ్‌లో తెరుచుకోవచ్చు, ఎవరి పద్ధతి వాళ్లది. విపిఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్లించే యాప్) వాడితే అసలు ఏ సైటుకు వెళ్తున్నారో నెట్ కంపెనీకే కనబడదు.

ఒక్కటే పెట్టే ఓపిక ఉంది. ఏది పెట్టాలి?

ప్రైవేట్ డిఎన్‌ఎస్. ఆండ్రాయిడ్ 9, ఆ పైన ఉన్న ఏ ఫోన్‌లోనైనా ఉంటుంది, ఉచితం. మొబైల్ డేటా మీదా, వైఫై మీదా ఒకేలా పనిచేస్తుంది. యాప్ ఏదీ వేయనక్కర్లేదు, ఫోన్ నెమ్మదించదు.

డిఎన్‌ఎస్ అంటే నెట్‌కు ఫోన్ డైరెక్టరీ లాంటిది. సైటు పేరు చెబితే నంబరు ఇస్తుంది. పిల్లల కోసం నడిపే డిఎన్‌ఎస్ మాత్రం చెడ్డ సైటు పేరు అడిగితే నంబరు ఇవ్వదు. నంబరు లేకపోతే సైటు తెరుచుకోదు.

ప్రైవేట్ డిఎన్‌ఎస్ ఎలా పెట్టాలి?

సెట్టింగ్స్ తెరిచి పైన వెతుకు గడిలో ప్రైవేట్ డిఎన్‌ఎస్ అని ఇంగ్లీషులో కొట్టండి. అన్నిటికంటే దగ్గరి దారి ఇదే. వెతికితే దొరక్కపోతే శాంసంగ్‌లో కనెక్షన్స్, అందులో మోర్ కనెక్షన్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. రెడ్‌మి, రియల్‌మీ ఫోన్లలో కనెక్షన్ అండ్ షేరింగ్ కింద. మిగతావాటిలో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద చూడండి.

మూడు గుండ్రాలు కనిపిస్తాయి: ఆఫ్, ఆటోమేటిక్, చివరిది హోస్ట్‌నేమ్. చివరిది నొక్కి, గడిలో కింది మూడు చిరునామాల్లో ఒకటి కొట్టండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు, ముందు డబ్ల్యూలు అవసరం లేదు.

క్లౌడ్‌ఫ్లేర్‌ది: ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్, చిన్న గీత, డిఎన్‌ఎస్ డాట్ కామ్. ఇది అశ్లీల సైట్లను, వైరస్ సైట్లను ఆపుతుంది. అంతకుమించి జోక్యం చేసుకోదు.

యాడ్‌గార్డ్‌ది: ఫ్యామిలీ డాట్ యాడ్‌గార్డ్, చిన్న గీత, డిఎన్‌ఎస్ డాట్ కామ్. ఇది ప్రకటనల్ని కూడా ఆపుతుంది, గూగుల్ వెతుకులాటలో అశ్లీల ఫలితాలను దాచే సేఫ్‌సెర్చ్ తప్పనిసరి చేస్తుంది. చిన్నపిల్లల ఆటల్లో వచ్చే పిచ్చి ప్రకటనలు చాలా వరకు తగ్గుతాయి.

క్లీన్‌బ్రౌజింగ్‌ది: ఫ్యామిలీ, ఫిల్టర్, డిఎన్‌ఎస్ అనే మూడు మాటలు మధ్యలో చిన్న గీతలతో, తర్వాత డాట్ క్లీన్‌బ్రౌజింగ్ డాట్ ఆర్గ్. మూడింట్లో గట్టిది ఇదే. విపిఎన్, ప్రాక్సీ సైట్లను ఆపుతుంది, రెడిట్ లాంటి కలగాపులగం సైట్లను మొత్తంగా మూసేస్తుంది, యూట్యూబ్‌ను పెద్దవాళ్ల వీడియోలు దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్‌లో పెడుతుంది. ఆ మోడ్‌లో యూట్యూబ్ కింద కామెంట్లు కనిపించవు. ఫోన్ పాడైందని షాపుకు పట్టుకెళ్లకండి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు క్లీన్‌బ్రౌజింగ్, ఇంటర్ చదివేవాళ్లకు క్లౌడ్‌ఫ్లేర్ సరిపోతాయని మా లెక్క.

సేవ్ చేశాక పరీక్షించండి. క్లౌడ్‌ఫ్లేర్ దీనికోసమే ఒక ఉత్తుత్తి సైటు పెట్టింది: న్యూడిటీ డాట్ టెస్ట్‌కేటగిరీ డాట్ కామ్. అందులో చెడ్డది ఏమీ ఉండదు. మీరు క్లౌడ్‌ఫ్లేర్ చిరునామా పెట్టి ఉంటే, అది తెరుచుకోకపోతే ఫిల్టర్ పనిచేస్తున్నట్టు. వైఫై ఆపి డేటా మీద ఒకసారి, డేటా ఆపి వైఫై మీద ఒకసారి చూడండి.

పెట్టగానే నెట్ మొత్తం పోయింది. ఎందుకు?

నూటికి తొంభై సార్లు స్పెల్లింగ్ తప్పు. ఒక అక్షరం తేడా వచ్చినా ఫోన్ ఆ డైరెక్టరీని చేరలేదు, వాట్సాప్‌తో సహా ఏదీ కదలదు. పైన ప్రైవేట్ డిఎన్‌ఎస్ సర్వర్ అందడం లేదని ఒక నోటిఫికేషన్ కూడా వస్తుంది. మళ్లీ వెళ్లి సరిచూసుకోండి.

రెండో తప్పు, ఎక్కడో చదివిన 1.1.1.3 అనే అంకెల్ని ఈ గడిలో కొట్టడం. ఆ అంకెలు రూటర్ కోసం. ఫోన్ గడి పేరునే తీసుకుంటుంది, సేవ్ బటన్ వెలగదు.

ఇంకోటి ఊళ్లు తిరిగేటప్పుడు వస్తుంది. రైల్వే స్టేషన్ వైఫైలాగా ముందు నంబరు, ఓటీపీ అడిగే చోట్ల ఆ పేజీ తెరుచుకోకపోవచ్చు. కాసేపు ఆటోమేటిక్‌లో పెట్టి, పని అయ్యాక మళ్లీ మార్చండి. మార్చడం మర్చిపోవడమే అసలు సమస్య.

డిఎన్‌ఎస్ పెడితే వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్‌లో వచ్చేవి కూడా ఆగుతాయా?

ఆగవు. డిఎన్‌ఎస్ చూసేది ఇంటి నంబరే, ఇంట్లో ఏముందో కాదు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియో వాట్సాప్ చిరునామా నుంచే వస్తుంది. దాన్ని ఆపాలంటే వాట్సాప్ మొత్తం ఆపాలి.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్‌కు వెళ్లి గ్రూపులో చేర్చే అవకాశాన్ని కాంటాక్టులకే పరిమితం చేయండి. మీడియా ఆటో డౌన్‌లోడ్ అన్నిచోట్లా తీసేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో 18 లోపు తేదీ ఉంటే టీన్ ఖాతా దానంతటదే అవుతుంది: ఖాతా ప్రైవేటు, కొత్తవాళ్ల మెసేజ్‌లు రావు, 16 లోపు వాళ్లు ఆ కట్టుబాట్లు సడలించాలంటే తల్లి లేదా తండ్రి ఒప్పుకోవాలి. మన దేశంలో ఇది 2025 ఫిబ్రవరిలో మొదలైంది. ఇక్కడ కూడా అంతా ఆ పుట్టిన తేదీ మీదే. టెలిగ్రామ్ గురించి మా అభిప్రాయం సూటిగా: పదో తరగతి లోపు పిల్లలకు దాని అవసరం లేదు, తీసేయండి. కోచింగ్ మెటీరియల్ కోసం కావాలంటే మీ ఫోన్‌లో దించి పంపండి.

ఫ్యామిలీ లింక్ అంటే ఏమిటి? ఎలా పెట్టాలి?

గూగుల్ ఉచితంగా ఇచ్చే తల్లిదండ్రుల యాప్. ఫోన్ పూర్తిగా పిల్లవాడిదే అయినప్పుడు డిఎన్‌ఎస్ కంటే ఇది బలమైనది, రెండూ కలిపి పెడితే ఇంకా నయం.

మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ వేసుకుని, అందులోంచే పిల్లవాడి పేరున, అసలు పుట్టిన తేదీతో కొత్త జీమెయిల్ తెరవండి. పిల్లవాడి ఫోన్‌లో మీ పేరుతో ఉన్న పాత జీమెయిల్ ఉంటే ముందు ఫోటోలు దాచుకుని, ఫోన్‌ను రీసెట్ చేసి, ఈ కొత్త ఖాతాతో మొదలుపెట్టండి. పాత ఖాతాను అలాగే ఉంచి సర్దుకుందామంటే కుదరదు, పెద్దవాళ్ల ఖాతాకు పర్యవేక్షణ అంటుకోదు. ఈ పనికి ముప్పావు గంట పడుతుంది. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లో పెట్టుకుని కూర్చోండి.

ఆ తర్వాత మీ ఫోన్ నుంచి నాలుగు మార్పులు చేయాలి. ప్లే స్టోర్‌లో ఏ యాప్ దించాలన్నా మీ అనుమతి అడిగేలా పెట్టండి. వయసు రేటింగ్‌ను నమ్ముకుంటే చాలదు, విపిఎన్ యాప్‌లు చాలావాటికి 3+ రేటింగే ఉంటుంది. క్రోమ్‌లో అశ్లీల సైట్లను ఆపే ఎంపిక ఆన్ చేయండి, చూసినవి గుర్తుంచుకోని ఇన్‌కాగ్నిటో దానంతటదే పోతుంది. ఈ ఫిల్టర్ క్రోమ్‌లోనే పనిచేస్తుంది కాబట్టి ఫోన్‌తో వచ్చిన ఇతర బ్రౌజర్లను యాప్‌ల జాబితాలో బ్లాక్ చేయండి. యూట్యూబ్‌కు మూడు మెట్లు ఉన్నాయి: ఎక్స్‌ప్లోర్ తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు, ఎక్స్‌ప్లోర్ మోర్ పదమూడు దాటినవాళ్లకు, మూడోది దాదాపు మొత్తం యూట్యూబ్. చివరగా రాత్రి పడుకునే వేళకు ఫోన్ దానంతటదే తాళం పడేలా డౌన్‌టైమ్ పెట్టండి.

ఫ్యామిలీ లింక్ మెసేజ్‌లు చదవదు, కాల్స్ వినదు. అది లోపమని కొందరు అంటారు. మాకు అది మంచి గుణమనే అనిపిస్తుంది.

ఫోన్ అవ్వది. పిల్లలు సాయంత్రం ఆమె ఫోన్‌లోనే చూస్తారు. అప్పుడెలా?

కనిగిరి, దర్శి వైపు ఇది ఇంటింటి సంగతి. అమ్మానాన్నలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో భవనాల పనికి పోతారు, పిలకాయలు అవ్వ దగ్గర ఉంటారు. ఉన్నది ఒకటే సెల్లు. అందులోనే అవ్వ పింఛను మెసేజ్, నాన్న పంపే ఫోన్‌పే డబ్బు, పిల్లల హోమ్‌వర్క్ గ్రూపు.

అలాంటి ఫోన్‌కు ఫ్యామిలీ లింక్ పెట్టకండి. ఫోన్ మొత్తం పిల్లల ఫోన్ అయిపోతుంది, అవ్వ పనులు ఆగిపోతాయి. దాని బదులు ప్రైవేట్ డిఎన్‌ఎస్ పెట్టండి. అవ్వకు దానివల్ల నష్టం లేదు, తెలియనైనా తెలియదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ, సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్‌కు వెళ్లి నాలుగంకెల పిన్ పెట్టి 7+ లేదా 12+ ఎంచుకోండి. ఇది కొత్తగా దించేవాటినే ఆపుతుంది, ముందే ఉన్న యాప్‌లను ఒక్కొక్కటిగా చూసి మీరే తీయాలి. యూట్యూబ్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేయండి. డబ్బుల యాప్‌లకు, సెట్టింగ్స్‌కు ఫోన్‌లోని యాప్ లాక్ వేయండి. సెట్టింగ్స్‌కు తాళం లేకపోతే డిఎన్‌ఎస్ తీసేయడం ఆరో తరగతి పిల్లకు పది సెకన్ల పని.

ఆ పిన్ అవ్వ పుట్టిన సంవత్సరమో ఫోన్ నంబరు చివరి అంకెలో కాకుండా చూడండి. పిల్లలు మొదట కొట్టేవి అవే.

పిల్లలు దీన్ని ఎలా దాటేస్తారు?

విపిఎన్ ముందుంటుంది. అది ఆన్ చేస్తే దారే మారిపోతుంది కాబట్టి డిఎన్‌ఎస్ చూస్తూ ఉండిపోతుంది. కొన్ని బ్రౌజర్లలో విపిఎన్ లోపలే ఉంటుంది, యాప్ విడిగా కనిపించదు. సెట్టింగ్స్‌లో విపిఎన్ అని వెతికితే ఫోన్‌లో పెట్టినవి బయటపడతాయి.

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద సెక్యూర్ డిఎన్‌ఎస్ అని ఒకటుంది. అందులో వేరే కంపెనీని ఎంచుకుంటే మీరు పెట్టింది పక్కకు పోతుంది. ఆటోమేటిక్‌లోనే ఉండాలి.

కొన్ని ఫోన్లలో సెకండ్ స్పేస్ ఉంటుంది. ఒక పాస్‌వర్డ్ కొడితే మామూలు ఫోన్, ఇంకోటి కొడితే ఇంకో ఫోన్. స్టోరేజీ ఎక్కువ ఖర్చయి ఫైళ్లు మాత్రం కనబడకపోతే దాన్ని అనుమానించండి. ప్లే స్టోర్ కాకుండా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైళ్లు (యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైళ్లు) వేసుకోవడం ఇంకో దారి. ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ దగ్గర అన్ని యాప్‌లకూ అనుమతి తీసేయండి. దొంగ బ్యాంకు యాప్‌లు వచ్చేది కూడా ఆ దారినే, కాబట్టి పెద్దవాళ్ల ఫోన్‌లోనూ తీసేయాల్సిందే.

అన్నిటికంటే తేలికైనది మాత్రం బీరువాలో మూలనపడ్డ పాత ఫోన్. సిమ్ లేకపోయినా పక్కింటి వైఫైతో నడుస్తుంది.

తెలుగులో వెతికితే కూడా ఫిల్టర్ పట్టుకుంటుందా?

సేఫ్‌సెర్చ్ ఇంగ్లీషులో పట్టుకున్నంతగా తెలుగులో పట్టుకుంటుందని నమ్మి కూర్చోకండి. మీరే పరీక్షించండి: ఒకే మాటను ఇంగ్లీషులో ఒకసారి, తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో ఒకసారి కొట్టి బొమ్మల ఫలితాలు చూడండి. మూడోదే బలహీనం, పిల్లలు కొట్టేదీ అలాగే.

ఫిల్టర్ వల్ల చదువు ఆగిపోతుందా?

ఒక్కోసారి. ఇంటర్ జువాలజీలో మానవ ప్రత్యుత్పత్తి పాఠానికి బొమ్మలు వెతికితే సేఫ్‌సెర్చ్ కొన్ని దాచేస్తుంది. రొమ్ము కేన్సర్, నెలసరి గురించి చదివే ఆడపిల్లకు ఇదే ఇబ్బంది రావచ్చు. ఫ్యామిలీ లింక్‌లో అయితే ఆ సైటు పేరును అనుమతించిన జాబితాలో చేర్చవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత డిఎన్‌ఎస్‌లో ఒక్క సైటును వదిలే వీలు లేదు; పిల్ల అడిగితే మీ ఫోన్‌లో తెరిచి ఇవ్వండి. అడిగినందుకు అనుమానంగా చూస్తే మాత్రం రెండోసారి అడగదు, స్నేహితురాలి ఫోన్‌లో చూసుకుంటుంది.

పిల్లలకు తెలియకుండా నిఘా యాప్ పెట్టొచ్చా?

వద్దని చెబుతాం. కొరియాలో చట్టం వచ్చాక ప్రభుత్వమే వెనకుండి స్మార్ట్ షెరిఫ్ అనే యాప్‌ను వేలాది ఇళ్లకు చేర్చింది. 2015 సెప్టెంబరులో టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు దాన్ని విప్పి చూస్తే 26 భద్రతా లోపాలు దొరికాయి. బయటివాళ్లు పిల్లల వివరాలు లాగే వీలుంది, ఖాతాను చేజిక్కించుకునే వీలుంది. కొన్నాళ్లకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం నిలబడ్డ యాప్ పరిస్థితే అది. ఊరూపేరూ లేని కంపెనీ యాప్‌కు మీ అమ్మాయి మెసేజ్‌లు, ఫోటోలు, ఉన్నచోటు అప్పజెబితే అవి ఏ సర్వర్‌కు పోతున్నాయో చెప్పే నాథుడు ఉండడు.

మావాడి ఫోన్‌లో క్లాస్‌మేట్ నగ్న ఫోటో కనిపించింది. ఏం చేయాలి?

ముందు ఏం చేయకూడదో చూడండి. ఆ ఫోటోను ఎవరికీ పంపకండి. హెడ్‌మాస్టర్‌కూ, ఆ అమ్మాయి తల్లిదండ్రులకూ, రుజువు కోసం మీ ఫోన్‌కూ పంపకండి. 18 లోపు వాళ్ల అలాంటి ఫోటోను పంపడం మీ ఉద్దేశం ఏదైనా 67బి కిందికి వచ్చే ప్రమాదం ఉంది. చూసి ఊరుకోవడమూ తేలికైనది కాదు. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు, మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టేస్తూ, పిల్లల లైంగిక దృశ్యాలను ఉంచుకోవడం, చూడడం కూడా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరమయ్యే సందర్భాలు ఏవో వివరించింది. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలి.

ఎవరు పంపారు, ఏ నంబరు లేదా ఏ ఖాతా నుంచి, ఏ తేదీ, ఏ సమయం అన్నవి కాగితం మీద రాసుకోండి. ఫోన్ స్విచాఫ్ చేసి పక్కన పెట్టండి. దగ్గరి స్టేషన్‌కు వెళ్లండి, కావలి వాళ్లు నెల్లూరు దాకా, దర్శి వాళ్లు ఒంగోలు దాకా పోనక్కర్లేదు. జరిగింది వేరే స్టేషన్ పరిధిలో అయినా ఫిర్యాదు తీసుకుని అక్కడికి పంపాలి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల, మహిళల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. 1098 పిల్లల హెల్ప్‌లైన్. 1930 మాత్రం ముఖ్యంగా డబ్బు మోసాలకు.

ఫోటో ఆ అమ్మాయిదే అయి, నెట్‌లో తిరుగుతుందని భయముంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో అప్‌లోడ్ చేయనక్కర్లేదు, ఫోన్‌లోనే దానికి ఒక వేలిముద్ర లాంటి కోడ్ తయారవుతుంది, ఆ కోడ్‌తో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి అదే ఫోటోను వెతికి తీసేస్తాయి.

మీవాడు 18 లోపు అయితే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తుంది. దాచేస్తే పోతుందనుకుని ఫోన్ పగలగొట్టకండి.

రమ్మీ, బెట్టింగ్ యాప్‌లను ఈ ఫిల్టర్లు ఆపుతాయా?

పైన చెప్పిన మూడు డిఎన్‌ఎస్‌లూ అందుకోసం పెట్టినవి కావు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టు నాటి కేంద్ర చట్టం నిషేధించింది, అయినా ఏపీకే రూపంలో లింకులు తిరుగుతూనే ఉంటాయి. అన్‌నోన్ యాప్స్ అనుమతి తీసేయడమే ఇక్కడ పనికొచ్చే తాళం.

ఐఫోన్‌లో?

సెట్టింగ్స్, స్క్రీన్ టైమ్, కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్, అందులో వెబ్ కంటెంట్ దగ్గర లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్. సఫారీలో ప్రైవేట్ ట్యాబ్ కూడా దాంతో పోతుంది. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్, ఫోన్ తెరిచే పాస్‌కోడ్ ఒకటే పెట్టకండి.

ఇంట్లో ఫైబర్ వైఫై ఉంది. రూటర్‌లోనే పెట్టేస్తే టీవీకి కూడా సరిపోతుందా?

సరిపోతుంది. రూటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న చిరునామా, ఎక్కువగా 192.168.1.1, బ్రౌజరులో కొట్టి లోపలికి వెళ్లి డిహెచ్‌సీపీ పేజీలో డిఎన్‌ఎస్ దగ్గర 1.1.1.3, రెండోదానికి 1.0.0.3 పెట్టండి. రూటర్‌ను ఒకసారి ఆపి ఆన్ చేయండి. ఫైబర్ కంపెనీలు ఇచ్చిన కొన్ని పెట్టెల్లో ఆ గడి మూసేసి ఉంటుంది. కేబుల్ ఆపరేటర్‌ను అడిగితే మార్చి ఇవ్వొచ్చు, లేదంటే ఫోన్లలో విడివిడిగా పెట్టుకోవడమే. రూటర్ ఫిల్టర్ డేటా ఆన్ చేసిన నిమిషంలో ఆగిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

పెద్దవాడి ఫోన్ చెల్లికి ఇస్తున్నాం, లేదా అమ్మేస్తున్నాం. ఫ్యామిలీ లింక్ ఏమవుతుంది?

ముందు మీ ఫోన్‌లోని ఫ్యామిలీ లింక్ నుంచి ఆ పరికరాన్ని తీసేయండి. తర్వాత ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి జీమెయిల్ తీసేయండి. అప్పుడే రీసెట్ కొట్టండి. ఈ వరస తప్పి నేరుగా బటన్లతో రీసెట్ చేస్తే ఫోన్ పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ అక్కడే నిలబడిపోతుంది. కొన్నవాళ్లు రెండో రోజు పెట్టెతో సహా మీ గుమ్మం ముందుంటారు. చెల్లికి ఇస్తుంటే రీసెట్ తర్వాత ఆమె అసలు పుట్టిన తేదీతో కొత్త ఖాతా తెరిచి, ప్రైవేట్ డిఎన్‌ఎస్ చిరునామా మళ్లీ కొట్టండి, రీసెట్‌తో అదీ చెరిగిపోతుంది.